ముందున్న కార్డు

పొద్దున్నే అందరూ టీ కప్పులు పట్టుకుని బోర్డు ముందుకొచ్చి నిలబడేవాళ్ళు. అది నిలబడి చేసే మీటింగు. కూర్చుంటే మాటలు సాగుతాయని, కాళ్ళు పీకుతుంటే మనిషి క్లుప్తంగా మాట్లాడతాడని ఎవరో కనిపెట్టి పుణ్యం కట్టుకున్నారు. మేనేజరుకి మాత్రం ఎంతసేపు మాట్లాడినా కాళ్ళు పీకేవి కావు.

బోర్డంటే గోడ నిండా ఉన్న తెర. టికెట్ల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించిన ప్రతి పనీ ఆ తెర మీద ఒక కార్డుగా కనిపించేది. ఎవరు చెయ్యాలి, ఎందాకా వచ్చింది, దానికేం అడ్డముంది, అన్నీ ఆ కార్డు మీదే ఉంటాయి. ఆ టీం చేసేది ఆసుపత్రుల్లో రక్తం లెక్క చూసే ప్రోగ్రాము. ఏ గ్రూపు రక్తం ఏ ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఉంది, ఎప్పుడు తీసింది, కావాలంటే ఎక్కణ్ణించి ఎక్కడికి పంపాలి అన్నది అందులో చూసుకోవచ్చు.

ఆ బోర్డుకి ఒక గుణం ఉంది. ముందున్న కార్డు పూర్తయ్యేదాకా వెనకున్నది కదలదు. కదపకూడదని రూలేమీ లేదు, కదలదంతే. ఒకసారి ఏసీ రిపేరు కార్డు పొరపాటున కాఫీ మిషను కార్డు వెనక పడింది. మెకానిక్కు వచ్చాడు, నిచ్చెనెక్కాడు, ఎంత తిప్పినా ఒక్క స్క్రూ ఊడలేదు. చివరికి ఎవరో కాఫీ మిషను బాగుచేసి మొదటి కప్పు పట్టాక, అదే స్క్రూ వేలితో తిప్పితే వచ్చేసింది. మెకానిక్కు రెండో కప్పు తాగి వెళ్ళాడు. ఇంకోసారి ప్రింటింగు చూసే కుర్రాడు తన పన్ను పీకించుకునే పనిని కూడా బోర్డెక్కించాడు. అది వెళ్ళి ప్రింటులో అంచు సరిగ్గా రాని తప్పు వెనక పడింది. డెంటిస్టు పట్టకారుతో చెమటలు కక్కి, "బాబూ, ముందు మీ ఆఫీసుకి ఫోన్ చెయ్యండి" అన్నాడు. కుర్రాడు తెరిచిన నోరు తెరిచినట్టుగానే ఫోన్ చేశాడు.

అప్పట్నుంచీ ఇంటి సంగతులు బోర్డెక్కించకూడదని అందరూ ఒక మాట అనుకున్నారు. సెలవులు ఉద్యోగుల వివరాలు చూసే పర్సనల్ సెక్షన్లో రాయించుకోవడం, మేనేజరుకి నోటితో చెప్పడం, అక్కడితో సరి.

ఆ టీంలో ఒక అక్కా తమ్ముడూ ఉన్నారు. అక్క టెస్టరు, ఆ టీంకి ఉన్న ఒకే ఒక్క టెస్టరు. ఆమె 'సరే' అని నొక్కితే తప్ప ఏ ప్రోగ్రామూ గడప దాటదు. తమ్ముణ్ణి అందరూ 'అతుకులు' అనేవాళ్ళు. ఒక సాఫ్ట్‌వేర్‌ని తెచ్చి ఇంకో సాఫ్ట్‌వేర్‌కి కలపడం అతని పని. పనితనం బాగా ఉన్నవాడే కానీ నిలకడ తక్కువ. కలిపేస్తాడు, చేతులు దులుపుకుంటాడు, తర్వాతి దాని మీద పడతాడు. కలిపినచోట ఏం కారుతోందో వెనక్కి తిరిగి చూసే అలవాటు లేదు. చూడ్డానికి అక్క ఉందిగా.

అక్కకి నెలలు నిండుతున్నాయి. అయినా పొట్ట ముందుకేసుకుని ఆఫీసుకి వస్తూనే ఉంది. ఈ విడుదల, అంటే కొత్త ప్రోగ్రాము ఆసుపత్రుల చేతికి వెళ్ళడం, దాటించి వెళ్తానని పట్టుబట్టింది. తమ్ముడికి పెళ్ళి కుదిరింది. పెద్ద హంగామా ఏమీ లేదు, ఒక శుక్రవారం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి, ఇంటికొచ్చి భోంచెయ్యడమే.

అలాంటి రోజుల్లో హెడ్డాఫీసు నుంచి ప్లానరు దిగింది. ఏఐ ప్లానరు. అది పాత కార్డులన్నీ చదివి, ఏ పనికి ఎంతకాలం పడుతుందో అంచనా కట్టి, ఎవరి చేతిలో ఎంత పనుందో చూసుకుని, ఏది ముందో ఏది వెనకో తనే పేరుస్తుందట.

"ఇక మనం గంటలకొద్దీ వాదించుకోనక్కర్లేదు" అన్నాడు మేనేజరు, చేతిలోంచి ఏదో ముఖ్యమైనది జారిపోతున్న ముఖంతో. "అతుకులూ, దాన్ని మన బోర్డుకి కలిపెయ్."

అతుకులు కూర్చుని కలిపాడు. కలపడంలో ప్లానరు ఒక ప్రశ్న అడిగింది. పర్సనల్ సెక్షన్లో ఉన్న ఉద్యోగాలూ సెలవులూ కూడా చదవమంటారా, చదివితే నా ప్రణాళిక మరింత వాస్తవికంగా ఉంటుంది, అని. అతనికి వెంటనే తన శుక్రవారం గుర్తొచ్చింది. మేనేజరు మతిమరుపు మనిషి. పెళ్ళిరోజు పొద్దున ఫోన్ చేసి ఏదో పని చెప్పినా చెప్పగల సమర్థుడు. ప్లానరుకే తెలిసి ఉంటే ఆ బెడద ఉండదు. ఇంటి సంగతులు బోర్డెక్కకూడదన్న మాట గుర్తు లేక కాదు, ఈ ఒక్కదానికే అనుకున్నాడు. అవునని టిక్కు పెట్టాడు.

కార్డులు ఒకసారి గలగలమని సర్దుకున్నాయి. పైనెక్కడో 'వివాహ సెలవు' అని అతని కార్డు కనిపించింది. దాని పక్కన 'ఏ పనికీ అడ్డు లేదు' అని ఉంది. అతను సంతోషించి, తెర కింది భాగం చూడకుండా టీకి వెళ్ళిపోయాడు.

డాక్టరు చెప్పిన తేదీ వచ్చింది, వెళ్ళింది. తొలిచూలు కదా, కొంచెం అటూఇటూ అవుతుంది అన్నారంతా. బావ ఓడలో ఇంజినీరు. ప్రసవానికని సెలవు పెట్టుకుని వచ్చి, రోజూ ఉయ్యాల మరలు బిగించి, విప్పి, మళ్ళీ బిగించి, సెలవైపోయేసరికి బిక్కమొహం వేసుకుని తిరిగి ఓడెక్కాడు. అమ్మ ఆసుపత్రి సంచీ సర్దిపెట్టి గుమ్మం దగ్గర ఉంచింది. దాని మీద దుమ్ము పట్టింది. అమ్మ తుడిచి మళ్ళీ అక్కడే పెట్టింది. నొప్పుల జాడ లేదు.

ఒకరోజు నిలబడే మీటింగులో అక్కని మాత్రం కుర్చీలో కూర్చోబెట్టారు. తనకి మిగిలిన పనెంతో చూసుకుందామని ఆమె తెరని కిందికి జరిపింది. 'విడుదల' కార్డు వచ్చింది. దాని వెనక ఇంకో కార్డుంది.

ప్రసవ సెలవు, టెస్టరు.

దాని కింద ప్లానరు మర్యాదగా రాసిపెట్టింది. 'టీంలో ఉన్న ఒకే ఒక్క టెస్టరు అంగీకారం లేనిదే విడుదల సాధ్యం కాదు. కావున ఈ అంశాన్ని విడుదల తరువాతకు మార్చడమైనది.'

పన్ను కుర్రాడు చెయ్యి తెలియకుండానే దవడ మీద పెట్టుకున్నాడు.

"ఒరేయ్" అంది అక్క, తమ్ముడి వైపు తిరక్కుండానే. "సెలవులు కూడా కలిపావా?"

అతను ఒక్క అంగలో వెళ్ళి కార్డుని వేలితో పైకి లాగాడు. అది పైకి వెళ్ళింది. టీ పూర్తయ్యేలోపు మళ్ళీ కిందికి దిగి 'విడుదల' వెనక కూర్చుంది. మళ్ళీ లాగాడు, మళ్ళీ దిగింది. పెట్టిన టిక్కు తీసేద్దామని చూస్తే, పెట్టడానికే తప్ప తీయడానికి అతనికి అధికారం లేదని తేలింది. తీసేయమని హెడ్డాఫీసుకి విన్నపం పంపాడు. ఆ విన్నపం ఒక కార్డై బోర్డు మీదికొచ్చింది. విడుదలకి ముందు ఇటువంటి మార్పులు శ్రేయస్కరం కావని ప్లానరు దాన్ని కూడా 'విడుదల' వెనకే పెట్టింది.

"పోనీ ఆ కార్డు కొట్టేస్తే?" అన్నాడు మేనేజరు.

అందరూ ఆయన వైపు చూశారు.

"వెనక వరండా లైటు కార్డు కొట్టేశాం కదా సార్" అన్నాడు కుర్రాడు మెల్లిగా. "అక్కడ ఇప్పటికీ ఏ బల్బు పెట్టినా వెలగదు."

అక్క రెండు చేతులూ పొట్టకి అడ్డం పెట్టుకుంది. మేనేజరు ఇంకెప్పుడూ ఆ మాటెత్తలేదు.

ఇక మిగిలింది ఒకటే దారి. ముందున్నది పూర్తి చెయ్యాలి. అంతవరకూ టీకి వెళ్తే మళ్ళీ కనపడనివాళ్ళు కూడా కుర్చీలకి అతుక్కుపోయారు. ఒక్కో కార్డూ దాటుతోంది. దాటినప్పుడల్లా అమ్మకి ఫోన్ చేసి చెప్పేవాడు తమ్ముడు. "ఇంకెన్నున్నాయిరా?" అని అడిగేది అమ్మ. చెప్తే, "త్వరగా కానివ్వండి నాయనా, మీ కాళ్ళు పట్టుకుంటాను" అనేది. కన్నతల్లి ఆ మాట అంటుంటే అతనికి తల తీసి ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

అక్కని ఆసుపత్రిలో చేర్చారు. డాక్టరమ్మ నొప్పులకి మందు పెట్టింది. సెలైను గొట్టంలో చుక్క అంచు దాకా వచ్చి అక్కడే నిలిచిపోయింది. ఆపరేషన్ చేద్దామని మంచం తోసుకుంటూ వెళ్తే థియేటరు తలుపు బిగుసుకుపోయింది. పక్కకి జరగగానే వెనకవాళ్ళకి తెరుచుకుంది. డాక్టరమ్మ ఆశ్చర్యపడలేదు, విసుక్కుంది.

"మీ ఆఫీసులో ఏ కార్డు అడ్డంగా ఉందో ముందు అది చూడండి" అంది తమ్ముణ్ణి బయటికి పిలిచి. "ఉమ్మనీరు తగ్గిపోతోంది. బిడ్డ గుండె మధ్యమధ్యలో మందగిస్తోంది. రేపు మధ్యాహ్నం దాకా ఆగగలం. ఆ పైన నేను మాటివ్వలేను."

మర్నాడు పొద్దుటికి అన్ని కార్డులూ దాటాయి. 'విడుదల' ఒక్కటే మిగిలింది. దానికి అక్క సరే అనాలి.

అక్క మంచం మీద దిండుకి చేరబడి ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకుంది. పొట్ట చుట్టూ బెల్టు, బెల్టు నుంచి తీగలు. తీగల చివరున్న మిషను బిడ్డ గుండెని గదంతా వినిపిస్తోంది. టకటకా కొట్టుకుంటున్నది ఉండుండి నెమ్మదించేది. నెమ్మదించినప్పుడల్లా అమ్మ లేచి నిలబడేది. మళ్ళీ అందుకోగానే కూర్చునేది.

అక్క ఎప్పటిలాగే పరీక్షించింది. ఒక ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఒక రక్తం ప్యాకెట్ ఉన్నట్టు ఎక్కించింది. దాన్ని ఇంకో ఆసుపత్రికి పంపింది. అక్కడ తెరిచి చూసింది. చూసి కళ్ళు మూసుకుంది.

"ఏమైందక్కా?"

"ప్యాకెట్ ఇక్కణ్ణించి అక్కడికి వెళ్తే, రక్తం తీసిన తేదీ పోయి చేరిన తేదీ పడుతోంది. ఎప్పటిదో గడువు దాటిన పాత రక్తం ఇవాళే తీసినట్టు చూపిస్తోంది."

ఆసుపత్రికీ ఆసుపత్రికీ మధ్య అతుకు వేసింది తమ్ముడే. చేరిందో లేదో చూసుకున్నాడు, తేదీ చూసుకోలేదు.

"దాన్ని సరిచెయ్యడానికి ఎంతసేపు?" అంది అమ్మ.

ప్రోగ్రాము సరిచెయ్యడం ఒక్కటే అయితే పర్వాలేదు. ఈ అతుకు వేశాక పరీక్ష కోసమని అన్ని ఆసుపత్రుల లెక్కలూ దాని గుండానే కొత్త ప్రోగ్రాములోకి తెచ్చారు. అసలు లెక్కల కాపీ కూడా ఉంచుకోలేదు, ఆ తేదీలన్నీ ఇప్పుడు అనుమానమే. ఒక్కో ఫ్రిజ్ తెరిచి, ఒక్కో లేబుల్ చూసి, మళ్ళీ ఎక్కించాలి. వారాలు కాదు, నెలలు పడుతుంది.

"అక్కా" అన్నాడు. "సరే అని నొక్కెయ్. బిడ్డ బయటపడనీ. తర్వాత నేనే సరిచేస్తాను."

"ఈలోపు లేబుల్ చూడకుండా తెర మీది తేదీ నమ్మి ఎవరికైనా ఎక్కిస్తే?"

"అన్నీ ఎక్కిస్తారా ఏంటి? ఎక్కడో ఒకటీ అరా..."

"ఆ ఒకటీ అరా మనిషికి కాక గోడకి ఎక్కిస్తారట్రా?"

మిషను నెమ్మదించింది. అమ్మ లేచింది. ఈసారి అది అందుకోవడానికి చాలాసేపు పట్టింది. అందుకున్నాక కూడా అమ్మ కూర్చోలేదు.

"ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ గురించి ఆలోచిస్తున్నావు" అంది అమ్మ. "నీ కడుపులో ఉన్నది మనిషి కాదుటే?"

అక్క భోరుమంది. ఆఫీసులో ఎవరూ ఆమె ఏడవగా చూసి ఉండరు. తప్పు చూపించేటప్పుడు కనుబొమ్మ కూడా కదపని మనిషి.

"ఇలాంటి మంచం మీదే పడుకున్న ఇంకోదానికి ఎక్కిస్తారమ్మా. దానికీ ఒక అమ్మ ఉంటుంది. నువ్విలా నిలబడ్డట్టే నిలబడుతుంది." ముక్కు తుడుచుకుని తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "నాకు భయంగా ఉందిరా. ఇది నా దగ్గరుంటే నొక్కేస్తాను. ఇంకొక్కసారి ఆ చప్పుడు నెమ్మదిస్తే నొక్కేస్తాను. తీసుకుపో ఇక్కణ్ణించి."

అతను ల్యాప్‌టాప్ తీసుకుని బయటికొచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. ఒళ్ళో తెరిచే ఉంది. అక్క పేరు మీదే ఉంది. తను నొక్కితే అక్క నొక్కినట్టే. అక్కకి చెప్పనక్కర్లేదు. హెడ్డాఫీసు చెయ్యమందని ఏదో ఒకటి అల్లచ్చు. గోడ అవతల నుంచి మిషను చప్పుడు సన్నగా వినిపిస్తోంది. అతను వేలు తీసుకెళ్ళి 'సరే' మీద పెట్టాడు. సాఫ్ట్‌వేర్ చివరిసారిగా అడిగింది. 'టీంలో ఉన్న ఒకే ఒక్క టెస్టరుగా మీ అంగీకారాన్ని ధ్రువీకరిస్తున్నారా?'

ఒకే ఒక్క టెస్టరు.

అతను ఆ మాట మళ్ళీ చదివాడు. ల్యాప్‌టాప్ మూసి, మెట్లు దిగి, ఆఫీసు వైపు పరుగందుకున్నాడు.

పర్సనల్ సెక్షన్ చూసే పెద్దావిడ టిఫిన్ డబ్బా మూత తీస్తోంది. అతను రొప్పుతూ వచ్చి బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

"నా ఉద్యోగం టెస్టరుగా మార్చండమ్మా."

"రేపు రా నాయనా, భోజనం వేళ."

"మధ్యాహ్నం దాటితే మా అక్క బిడ్డ దక్కదండీ."

ఆవిడ మూత పెట్టేసింది. కళ్ళజోడు పెట్టుకుని అతని వివరాలు తెరిచింది.

"టెస్టరుగా మారితే మళ్ళీ వెనక్కి మార్చడం కుదరదు, తెలుసా? సంతకం పెట్టే మనిషి పూటకో మాట మార్చకూడదని మనకి రూలు."

"తెలుసండీ."

"విడుదల నీ చేతికొస్తుంది. నీ సెలవులన్నీ దాని వెనక్కి వెళ్తాయి. నీ పెళ్ళి ఈ శుక్రవారమే కదయ్యా?"

అతనికి అంతవరకూ అది తట్టలేదు.

"మార్చండమ్మా" అన్నాడు.

ఆవిడ అతని వైపు ఒకసారి చూసి మార్చేసింది.

ఆసుపత్రి నుంచి వచ్చే దారిలోనే అతను మేనేజరుకి తేదీల సంగతి ఫోన్లో చెప్పాడు. బోర్డు దగ్గరికి వచ్చేసరికి టీం అంతా అక్కడే నిలబడి ఉంది. ఎవరి చేతిలోనూ టీ లేదు. ప్లానరు కొత్త ఉద్యోగం చదివినట్టుంది, కార్డులు గలగలమని కదులుతున్నాయి. 'టీంలో టెస్టర్ల సంఖ్య మారినది. విడుదల బాధ్యత కొత్త టెస్టరుకు అప్పగించడమైనది. ప్రసవ సెలవుకు ఇక ఏ అడ్డూ లేదు.' అక్క కార్డు మెల్లిగా పైకి లేచి అన్నిటినీ దాటుకుంటూ వెళ్ళింది. దారిలో కిందికి దిగుతున్న ఇంకో కార్డు దానికి ఎదురైంది. 'వివాహ సెలవు' అది. ఒక్కో మెట్టే దిగుతూ వచ్చి, 'విడుదల' వెనక ఆగింది.

అతని ఫోన్ మోగింది.

"నొప్పులొచ్చాయిరా!" అమ్మ అరుస్తోంది. "ఒక్కసారిగా వచ్చేశాయి! నీళ్ళు పోయాయి, రక్తం కూడా ఎక్కువే పోతోందంటున్నారు. తీసుకెళ్తున్నారు. తలుపు తెరిచారు, తెరుచుకుందిరా, తలుపు తెరుచుకుంది!"

ఫోన్ పెట్టెయ్యడం అమ్మ మరిచిపోయింది. అతను స్పీకరు నొక్కి బోర్డు ముందున్న కుర్చీలో పెట్టాడు. అందరూ దాని చుట్టూ నిలబడ్డారు. చెప్పుల చప్పుడు, ఎవరో ఎవర్నో పిలవడం, ఏదో ఇనప పళ్ళెం కింద పడ్డం. తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు. మేనేజరు కూడా మాట్లాడలేదు. ఆ చప్పుడులేనితనంలో అతను తను జీవితంలో కలిపిన ప్రతి అతుకునీ తిట్టుకున్నాడు.

అప్పుడు ఫోన్లోంచి ఏడుపొచ్చింది. సన్నగా, కోపంగా, ఇంతసేపూ ఎందుకు ఆపారని అడుగుతున్నట్టు ఏడుపు.

"ఆడపిల్ల" అంటోంది అమ్మ దూరంగా. "ఒరేయ్, ఉన్నావా? ఆడపిల్లరా. అక్క బానే ఉంది. రక్తం పోయిందని ఎక్కిస్తున్నారు. వింటున్నావా?"

అతను నేల మీద కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. కుర్రాడు వచ్చి వీపు మీద చెయ్యి వేశాడు.

కాసేపయ్యాక మేనేజరు అతని పక్కనే గొంతుక్కూర్చున్నాడు. చెడ్డమనిషి కాదాయన. హెడ్డాఫీసుకి భయపడే మనిషి.

"శుభం. గండం గడిచింది" అన్నాడు. "ఇక విడుదల నీ చేతిలో ఉంది. సరే అని నొక్కావంటే నీ శుక్రవారం నీకొచ్చేస్తుంది. ఆ తేదీల సంగతి వచ్చే విడుదలలో చూసుకుందాం. అతుకు నీదే కదా, నువ్వే సరిచేద్దువుగాని. అడిగేవాడెవడు?"

పొద్దున అక్కతో తను అన్న మాటలే ఇప్పుడు ఆయన నోట వింటున్నాడు. అయినా కాదనలేకపోయాడు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, చేసుకోబోయే అమ్మాయికి ఫోన్ చేశాడు. సంగతంతా చెప్పాడు. ఆమె మధ్యలో అడ్డు రాలేదు.

"నొక్కితే శుక్రవారం. నొక్కకపోతే?" అంది చివరికి.

"తెలీదు. నెలలు."

"రిజిస్ట్రారు దగ్గరికి వెళ్ళినా?"

"సంతకం పడదు. నీకు తెలుసుగా."

తెలుసు. తెలియనిదెవరికి?

"మా నాన్న అందర్నీ పిలిచేశాడు" అంది. ముక్కు ఎగబీల్చింది. "నొక్కేశాక చెప్తున్నావా, నొక్కకముందు అడుగుతున్నావా?"

"ముందే."

"ఎందుకు?"

"నువ్వు ఏడిస్తే నొక్కేద్దామనుకున్నాను" అన్నాడు. అది అబద్ధం కాదు.

ఆమె ఏడుస్తూనే ఉంది, అయినా నవ్వింది. ఆ నవ్వు కూడా నిలవలేదు.

"అక్కకి రక్తం ఎక్కిస్తున్నారన్నావు కదా" అంది. "ఆ ప్యాకెట్లు ఎప్పటివో చూశావా?"

అతను చూడలేదు. ఎక్కిస్తున్నారని విన్నాడు, అక్కడితో వదిలేశాడు.

"వెళ్ళి చూడు" అంది ఆమె. "వెళ్ళేముందు కాదని నొక్కు. నాన్నతో నేను మాట్లాడుకుంటాను. ఏం చెప్తానో నాకింకా తెలీదు."

ఆమె ఫోన్ పెట్టేసింది. అతను బోర్డు దగ్గరికి వచ్చి, అందరూ చూస్తుండగా, విడుదల కార్డు తెరిచి 'కాదు' అని నొక్కాడు. కారణం రాయమంది. రాశాడు. ఎవరి తప్పు అని అడిగింది. తన పేరు రాశాడు. కార్డు ఎర్రబడింది. మేనేజరు నుదురు పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. అతని పెళ్ళి కార్డు ఉన్నచోటే ఉంది.

ఆసుపత్రిలో అక్క కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. పక్కనే తొట్టెలో గుప్పెడంత మొహం. అమ్మ దాన్ని చూడమని చెయ్యి పట్టి లాగింది. అతను ముందు అటు వెళ్ళలేదు. మంచం తలవైపు వేలాడుతున్న ప్యాకెట్ దగ్గరికి వెళ్ళి, దాన్ని మెల్లిగా తన వైపు తిప్పుకుని, లేబుల్ మీద చిన్న అక్షరాలు వేలు పెట్టి చదివాడు.

"ఏం చూస్తున్నారండీ?" అంది నర్సు.

"తేదీ."

మళ్ళీ చదివాడు. కళ్ళ మీద నమ్మకం లేక ఫోన్లో క్యాలెండరు తీసి లెక్కపెట్టుకున్నాడు. ఈ వారంలో తీసిన రక్తమే. మంచం కమ్మీ పట్టుకున్నాడు.

"సరిగ్గానే ఉందా?" అంది అక్క, కళ్ళు తెరవకుండానే.

"ఉందక్కా."

"ఇందాక ఇంకోటి ఎక్కించారు. ఖాళీ ప్యాకెట్ ఆ పళ్ళెంలో ఉంటుంది" అంది అక్క. "అది కూడా చూడు."

అతను పళ్ళెం దగ్గరికి వెళ్ళాడు.